చూపు లేని పాప తొమ్మిదిలో చేరింది: ఫోను, ప్యానెల్‌తో మీరేం చేస్తున్నారు?

గోదారి టీచర్
మాది జడ్పీ హైస్కూలు, నాది సోషల్. ఈ ఏడు తొమ్మిదిలో చేరిన పాపకు చూపు దాదాపు లేదు. క్లాసులోని పెద్ద డిజిటల్ తెర, అదే ప్యానెల్ మీద వీడియో వేస్తే క్లాసంతా చూస్తుంది, ఈ పిల్ల మాత్రం మధ్యలో వచ్చే మ్యూజిక్ వింటూ కూర్చుంటుంది. డీటీపీలో కొట్టించిన నోట్స్ పీడీఎఫ్ పంపితే వాళ్లింట్లో ఫోనులో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఏవో పిచ్చి అక్షరాలు చదువుతోందట. ఏం చేయాలి?

భవిత సెంటర్ ఐఈఆర్‌పీ
మేడమ్, నేను భవిత సెంటర్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే టీచర్‌ని. అది డీటీపీ వాళ్లు వాడే అనూ ఫాంట్ అయ్యుంటుంది. తెర మీద తెలుగే కనబడుతుంది గానీ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. టాక్‌బ్యాక్ ఆ లోపలిదే చదువుతుంది. ఇకపై ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోనే కొట్టమనండి. పాతవాటికి కన్వర్టర్లున్నాయి, మార్చాక వత్తులొకసారి సరిచూసుకోవాలి. అచ్చు పేజీ అయితే ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్లో గూగుల్ డాక్స్‌తో తెరవండి, ఫొటోలోని మాటలు టైపు చేసిన అక్షరాలుగా మారతాయి. తెలుగు బాగానే పడుతుంది. పట్టికలు మాత్రం కలగాపులగం అయిపోతాయి. మన ద్విభాషా పుస్తకంలో రెండు పేజీలూ కలిపి తీయకండి, తెలుగు వైపు ఒక్కటే తీయండి.

స్లేటూ స్టైలసూ
నాకు పుట్టుకతోనే చూపు లేదు, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నా. స్కూల్లో కంప్యూటరుంటే తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ వేయించండి టీచర్ గారూ. పైసా ఖర్చు లేదు, 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. అందులో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుంది. అలవాటయ్యాక మేం దాన్నే వేగం పెంచి వింటాం. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతా, ఫోను వచ్చింది కదా అని బ్రెయిల్ మానిపించకండి. వినికిడి మీదే పెరిగితే ఎక్కడ శ, ఎక్కడ ష అన్నది వేలికి తెలియదు. చూపు లేనివాళ్లు చదువుకునే ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో కూడా సభ్యత్వం తీయించండి, సదరం సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

లెక్కల మాస్టారు
ప్యానెల్ ముందు మనందరికీ ఒక అలవాటు: వేలు పెట్టి “ఇది ఇటు వస్తే అది అటు పోతుంది” అంటాం. ఏది? ఎటు? “ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరు ఈక్వల్టు జీరో” అని పలుకుతూ రాయండి. ఖర్చు లేని పని, నా దృష్టిలో ప్యానెల్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగం. సమీకరణాన్ని ఫొటోగా అతికిస్తే ఎన్‌వీడీఏ నోరు మెదపదు. వర్డ్‌లో ఈక్వేషన్‌గా కొట్టండి, సమీకరణాలను మాటల్లోకి మార్చే మ్యాథ్‌క్యాట్ ఉంటే చదువుతుంది. పటాలకు యాప్‌లేం వెతక్కండి. అట్ట మీద ఫెవికాల్ గీత ఆరబెడితే త్రిభుజం చేతికి తెలుస్తుంది.

నల్గొండ బయాలజీ
మా క్లాసులో వినబడని బాబున్నాడు. మన మాటను తెర మీద అక్షరాలుగా చూపే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్‌లో తెలుగు పెట్టి ఫోను నా బల్ల మీదుంచుతా, తెర కనబడేలా వాడు మొదటి బెంచీ. ఫ్యాను చప్పుడున్నా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా గందరగోళమే. “కిరణజన్య సంయోగక్రియ”ను నాలుగు ముక్కలు చేసేస్తుంది, అందుకే అలాంటి మాటలు ముందే బోర్డు మీద రాసేస్తా. ఇదంతా తెలుగు చదవడం వచ్చిన పిల్లాడికే. సైగల భాషే వచ్చినవాళ్లకు టీవీ పాఠాల పీఎం ఈ-విద్యలో సైగల భాషకు పెట్టిన 31వ ఛానెల్ చూపించండి, 2024 డిసెంబరులో పెట్టారు.

గోదారి టీచర్
అందరికీ థ్యాంక్స్. మా హెచ్ఎం గారు ఫోను క్లాసులోకి వద్దంటున్నారు, ఒకరికిస్తే అందరూ అడుగుతారట.

భవిత సెంటర్ ఐఈఆర్‌పీ
2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 17 ప్రింటు తీసి చూపించండి మేడమ్. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లొచ్చేదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలని అందులోనే ఉంది. ఫోను సిమ్ తీసేసి స్కూల్లోనే పెట్టిస్తామనండి. చాలామంది హెచ్ఎంలు దానికి ఒప్పుకుంటారు.

స్లేటూ స్టైలసూ
ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టమనండి, లేకపోతే మీ పాఠం వినబడదు.

గోదారి టీచర్
సరే అండీ. మరి మ్యాప్ పాయింటింగ్ సంగతి? సోషల్ వాళ్లెవరూ లేరా ఇక్కడ?