చల్లాయంబలా, చల్లానంబలా?

ఆర్నో ఒడ్డు:
అందరికీ నమస్కారం. నేనుండేది ఫ్లోరెన్సులో. నిన్న పొయ్యి మీద రిబొల్లీతా ఉంది. తెల్ల బీన్సు గింజలు, కావొలో నేరో అనే నల్లటి ఆకుకూర, క్యారెట్, ఉల్లిపాయ, మూడు రోజుల నాటి ఎండు రొట్టె ముక్కలు. మొదటి రోజు చారులా ఉన్నది రెండో రోజు మళ్ళీ మరగనిస్తే గరిట నిలబడేంత చిక్కబడుతుంది. పేరుకి అర్థమే 'మళ్ళీ మరిగించింది' అని. దించాక పైన పచ్చి ఆలివ్ నూనె.

ఇక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. పానె షొక్కో అంటారు. షొక్కో అంటే ఉప్పు లేనిది, బుద్ధి లేనివాడు కూడా. 1302లో ఈ ఊరు తన మహాకవి డాంటేని వెలివేసింది. ఆయన కావ్యంలో, స్వర్గంలో కలిసిన ముత్తాత తండ్రి ఆ సంగతి ముందే చెప్తాడు: 'కోమె సా ది సాలె లో పానె అల్త్రూయి'. పరాయివాళ్ళ రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నీకే తెలిసొస్తుంది అని. గరిట తిప్పుతూ అది అనుకుంటుంటే శ్రీనాథుడు అందుకున్నాడు, కన్నడ రాజ్యంలో తిండికి పడ్డ పాట్లు చెప్పుకున్న చాటుపద్యంతో: 'చల్లా...బలి ద్రావితిన్'. ఆ మధ్య అక్షరం మాత్రం రాలేదు. రాత్రంతా అదే గోల. ఎవరైనా చెప్పండి. పనిలో పని, షొక్కోకి 'చప్పిడి' సరిపోతుందా?

తెనాలి మాస్టారు:
'చల్లాయంబలి ద్రావితిన్ రుచులు దోసంబంచుఁ బోనాడితిన్'. యం. అనుమానమే లేదమ్మా. చల్లా (అంటే మజ్జిగ), అంబలీ. రెండిటి మధ్యా య్ వచ్చి చేరింది, యడాగమం.

ఓరుగల్లు:
మాస్టారూ, మా బాపు 'చల్లానంబలి' అనే చదివేది. చల్లటి అంబలి. పరాయి ఊళ్ళో వేడిగా కూడా పెట్టలేదన్న బాధ అందులో ఉంది. మజ్జిగ పోస్తే బాధేముంది? మా దిక్కు సల్ల పోసిన అంబలి ఎండకాలం అమృతం.

తెనాలి మాస్టారు:
చల్లని అంబలి 'చల్లనంబలి' అవుతుంది, ల్ల పొట్టిగా ఉంటుంది. మరి దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది? 'చల్లయు' అన్నది వాడుకలో 'చల్లా' అయితేనే వస్తుంది.

కందనవోలు:
శార్దూలం కదా, మొదటి గణం మగణం. చ-ల్లా-యం అన్నా మూడూ గురువులే, చ-ల్లా-నం అన్నా మూడూ గురువులే. ప్రాస ల్ల, యతి చకారానికీ సకారానికీ. ఏదీ తెగదు. ఛందస్సు తేల్చేది ఒక్కటే: కొందరు 'రుచుల్ దోసంబంచు' అని రాస్తారు, అది కుదరదు, ఒక అక్షరం తగ్గిపోతుంది. రుచులు అనే ఉండాలి. ఇక 'నం' కూడా వ్యాకరణం లేనిదేం కాదు మాస్టారూ. చల్లయున్ + అంబలి అనుకోండి. 'యు' అరిగి దీర్ఘమైంది, ద్రుతం, అంటే చివరి న్, నిలబడింది.

తెనాలి మాస్టారు:
యు అరిగి న్ మిగలడానికి ఇంకొక్క ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను.

గుంటూరు గోంగూర:
అంబలి దగ్గరే ఆగిపోయారు. దాని పై పాదం చూడండి: 'వెల్లుల్లిన్ దిలపిష్టమున్ మెసవితిన్'. తిలపిష్టం అంటే మా తెలగపిండే అని నా గట్టి నమ్మకం. తెలగపిండిలో వెల్లుల్లి దంచి వేసి బాలింతలకి పెడతాం. అది తినాల్సి వచ్చిందని ఏడ్చాడంటే ఆ కవి నాలుక ఎక్కడ పెరిగిందో ఆలోచించండి. పల్నాడు వెళ్ళినా అంతే కదా. 'జొన్నకలి జొన్నయంబలి, జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్, సన్నన్నము సున్న సుమీ'. ఒక్క నకారాన్ని పట్టుకుని ఊరంతటి ఆకలీ వినిపించాడు. చదువుతుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఓరుగల్లు:
అక్కా, 'జొన్నయంబలి'లో యం ఉందని మాస్టారికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టయింది.

తెనాలి మాస్టారు:
అదే చెప్పబోతున్నాను.

కందనవోలు:
ఆ యడాగమం జొన్న అన్న పొట్టి అకారం మీద వచ్చింది. అక్కడ ద్రుతం ఊసే లేదు. రెండూ ఒకటి కాదు.

ఆర్నో ఒడ్డు:
చాలా సంతోషం. అయితే చప్పిడి సంగతి? 'చప్పిడి కూడు' అంటే నాకు జ్వరం, పథ్యం గుర్తొస్తాయి. ఇక్కడి రొట్టె రోగుల తిండి కాదు. ఉప్పుగా ఉండే పెకొరీనో జున్నుతో, ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన మాంసంతో రోజూ తింటారు. అది ఎండిపోతే నీళ్ళలో నానబెట్టి, రెండు చేతులా గట్టిగా పిండి, పొడిపొడిగా విదిలించి, టమాటా, ఉల్లిపాయ, దోసకాయ, తులసి లాంటి బాసిల్ ఆకు, వెనిగర్, నూనె కలిపితే పన్జనెల్లా. పిండేటప్పుడు ముద్ద చద్దన్నంలాగే ఉంటుంది చేతికి.

గుంటూరు గోంగూర:
జవాబు నువ్వే చెప్పావమ్మా. మనం అన్నంలో ఉప్పు వేస్తామా? ఎవరైనా 'చప్పిడి అన్నం వండాను' అంటారా? ఉప్పంతా ఆవకాయలో, పప్పులో ఉంటుంది. వాళ్ళకి రొట్టె, మనకి అన్నం. ఆ ఊళ్ళో పుట్టినవాడికి రొట్టెలో ఉప్పు తగిలిందంటే, మనకి ఎవరింట్లోనో ఉప్పు వేసి వండిన అన్నం నోట్లో పెట్టుకున్నట్టు. డాంటే అన్నది అదే. షొక్కోకి మాట వెతకొద్దు, ఉత్త 'రొట్టె' అను.

కందనవోలు:
అది మరీ నాలుక మీదే నిలబెట్టడం. ఆ ఉప్పు అవమానపు చేదు అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. వెంటనే పరాయివాళ్ళ మెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో అంటాడు కదా. బరువంతా 'అల్త్రూయి' (పరాయివాళ్ళ) మీద ఉంది, 'సాలె' (ఉప్పు) మీద కాదు.

ఆర్నో ఒడ్డు:
నాకు 'సా' మీద ఉందనిపిస్తుంది. ఇటాలియన్‌లో ఆ క్రియ ఒకటే, రుచి కలిగి ఉండటానికీ తెలిసి ఉండటానికీ. అందుకే 'తెలిసొస్తుంది' అని రాశాను. పదేళ్ళ కిందట మొదటిసారి ఇక్కడి రొట్టె కొరికినప్పుడు, ఏదో మర్చిపోయారనుకున్నాను. ఈ మధ్య రోమ్ వెళ్ళి అక్కడి రొట్టె తింటే ఉప్పగా తగిలింది.

తెనాలి మాస్టారు:
ఆ అనుభవం పద్యంలో పెట్టదగింది, తల్లీ. కానీ శ్రీనాథుడి దగ్గరికి రండి. చాటువు కాబట్టి నోటి మాటే ప్రమాణం అనకండి. అచ్చయిన చాటు సంకలనాల్లో పాఠం చూసి రేపు చెప్తాను.

ఆర్నో ఒడ్డు:
చూడండి మాస్టారూ. రేపు కస్తన్యాచ్చో చేస్తున్నాను. చెస్ట్‌నట్ పిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఎండు ద్రాక్ష, పైన్ గింజలు, పైన రోజ్‌మేరీ రెబ్బలు. చక్కెర పడదు, పిండిలోనే తీపి ఉంటుంది. పైన ఎండిన చెరువులా పగుళ్ళు విచ్చుకుంటే అయినట్టు. తిలపిష్టానికి దగ్గరగా ఉంటుందేమో రుచి చూసి రాస్తాను.

ఓరుగల్లు:
సంకలనంలో ఏమున్నా సరే, మా బాపు పొలం గట్టు మీద కూర్చుని గిన్నె చేతిలో పట్టుకుని 'చల్లానంబలి' అన్నది నా చెవిలో ఉంది. నేను నం అనే చదువుత.