రామప్ప గుడి పరిసరాల్లో ఆధునికమైన ఇల్లు కట్టుకోవచ్చా?

ప్రశ్న: పాలంపేట శివారులో మా తాతగారి పెంకుటిల్లు శిథిలమైనందున, ఆ స్థలంలోనే పెద్ద అద్దాల కిటికీలతో కొత్త ఇల్లు కట్టదలిచాను. గుడి నుంచి సుమారు 180 మీటర్ల దూరం ఉంటుంది. అనుమతి లభిస్తుందా?

జవాబు 1: దూరాన్ని గుడి గోడ నుంచి కాక, రక్షిత స్థలపు సరిహద్దు నుంచి కొలుస్తారు కాబట్టి, ముందుగా సర్వేయరుతో కొలిపించండి. పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషిద్ధం. ఆపై 200 మీటర్లలో ముందస్తు అనుమతి తప్పనిసరి.

జవాబు 2: నేను ఇళ్ల నక్షాలు గీస్తాను. అనుమతి కోసం ఇంటి ఎత్తును లెక్కించేటప్పుడు పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు కూడా కలుపుతారు. నా నక్షా ఒకటి కేవలం ట్యాంకు మూలంగానే వెనక్కి వచ్చింది. అద్దాలను వీధివైపు కాక లోపలి వాకిలివైపు తిప్పి, ఇనుప దూలాలపై పాత గూనపెంకులనే మళ్లీ పరిచి, చూరు కిందికి దించితే ఇల్లు కొత్తదిగానే ఉంటూ ఊరిలో ఇమిడిపోతుంది. గుడి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, సిమెంటులో పోతపోసి స్తంభాలకు అతికించే పని మాత్రం, దయచేసి, వద్దు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. పెంకులు పగలకుండా దింపించి, వసారాలో పేర్పిస్తాను. ట్యాంకును నేలమీదే కట్టి మోటారు పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు 2: సరిపోతుంది. దాన్నీ నక్షాలో చూపించండి.