చెరువు చుట్టూ పూర్తిగా వాకింగ్ ట్రాక్ కావాలా, ఒక ఒడ్డు పిట్టలకు వదలాలా?

లకుముకి:
మా కాలనీ వెనక చెరువు ముప్పై ఎకరాల పైనే ఉంటుంది. హైదరాబాద్ శివారు. కట్ట మీద, దానికి రెండు పక్కలా ట్రాక్ ఇప్పటికే ఉంది. మిగిలిన పడమటి ఒడ్డున కూడా వేసి రింగు పూర్తి చేయాలని కాలనీల్లో సంతకాలు తీసుకుంటున్నారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను, తప్పయితే చెప్పండి.

పడమటి ఒడ్డు చూడ్డానికి బాగుండదు. జమ్ము, తుంగ, బురద. కానీ చెరువులో ఉన్న ప్రాణమంతా అక్కడే ఉంది. మొన్న ఆదివారం పొద్దున ఆరుంబావుకు వెళ్లాను. ఒక తుమ్మచెట్టు నీళ్ల మీదికి వంగి ఉంటుంది, దాని కొమ్మలకు గిజిగాడి గూళ్లు పదకొండు లెక్కపెట్టాను. రెండింటికి ఇంకా గొట్టం అల్లలేదు, పచ్చి గడ్డి పోచలు వేలాడుతున్నాయి. కింద నీళ్లుంటే పిల్లి రాదు, అందుకే ఆ కొమ్మ. నీటికోడి నల్లటి పిల్లల్ని వెంటేసుకుని ఒక జమ్ము గుబురులోంచి ఇంకో గుబురులోకి దాటించింది. ట్రాక్ ఉన్న ఒడ్ల దగ్గర రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, బిస్కెట్ల కోసం వచ్చే పావురాలు తప్ప ఏమీ లేవు.

చెరువు అంచు పళ్లెంలా ఉండాలి. లోతు మెల్లగా పెరగాలి. కొంగ కాళ్లు మునిగేంత లోతులోనే వేటాడుతుంది. ఉల్లంకి పిట్టకు రెండంగుళాల నీళ్లు చాలు, మోకాలి లోతుంటే దానికి అక్కడ పనే లేదు. అంచు నిటారుగా తవ్వి రాయి పరిచామంటే పళ్లెం కాస్తా గిన్నె అయిపోతుంది. గిన్నెలో నీళ్లుంటాయి, పిట్టలుండవు.

పొద్దున్నడక:
లకుముకి గారూ, సంతకాలు సేకరిస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. డాక్టర్ రోజూ నడవమన్నప్పుడు మెయిన్ రోడ్డు మీద నడిచేదాన్ని, వెనకనుంచి వాటర్ ట్యాంకర్ హారన్ కొడితే గుండె ఆగినంత పనయ్యేది. ఒకసారి మెడలో గొలుసు లాగబోయారు. ట్రాక్ వచ్చాక పొద్దున అయిదున్నరకు ఒక్కదాన్నే బయల్దేరగలుగుతున్నాను. ఇది చిన్న విషయం కాదండీ, నా వయసు ఆడవాళ్లను అడిగి చూడండి.

ఇంకో మాట. ఆ పడమటి ఒడ్డున రాత్రిళ్లు మట్టి లారీలు వస్తున్నాయి, పగలగొట్టిన ఇళ్ల శకలాలు కుమ్మరించి పోతున్నారు. ఈ మూడు పక్కలా ఎవరూ పోయట్లేదు, ఎందుకంటే ఇక్కడ మనుషులు తిరుగుతున్నారు. మనిషి తిరగని ఒడ్డే ముందు ప్లాటు అవుతుంది. ఊళ్లో చెరువులన్నీ అలాగే పోయాయి కాబట్టే కదా 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థను పెట్టాల్సి వచ్చింది! పిట్టలకని మీరు వదిలిన ఒడ్డు పిట్టలకే మిగులుతుందని గ్యారంటీ ఏంటి?

అలుగు:
నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. మన చెరువులు తవ్విన గుంటలు కావు. వాలు చూసి, పల్లం వైపు కట్ట పోసి, మీది నుంచి వచ్చే నీళ్లను ఆపినవి. కట్ట దగ్గర లోతు, ఎగువన పల్చగా పరుచుకున్న నీళ్లు. మీరు చెప్పే పడమటి ఒడ్డు ఎగువ వైపు అయ్యుండాలి, చెరువులోకి వాగు వచ్చేది అటే. వానాకాలం నీళ్లు అటు వెనక్కి పాకుతాయి, ఎండాకాలం తగ్గుతాయి. ఆ తగ్గినప్పుడు తేలిన నేలనే ఖాళీ జాగా అనుకుంటారు. అది శిఖం భూమి, చెరువు సొంతం.

అక్కడ నాలుగడుగుల ఎత్తున మట్టి పోసి ట్రాక్ వేస్తే అది రెండో కట్ట. వాగు నీళ్లకు దారేది? పైనున్న కాలనీ ఇళ్లలోకే. తూములు పెడతాం, పైపులు వేస్తాం అంటారు. ప్లాస్టిక్ కవర్లు పట్టేసిన పైపులోంచి ఎన్ని నీళ్లు పోతాయో సర్వీసులో చాలాసార్లు చూశాను. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, నుంచి ముప్పై మీటర్లు బఫర్‌గా ఖాళీ జాగా వదలాలని నిబంధన ఉంది. ట్రాక్ వేస్తే గీత బయటే వేయాలి, నేల మట్టంలోనే వేయాలి. నీళ్లలో మట్టి పోసి వేసే ట్రాక్ కూడా ఆక్రమణే, వేసింది ఎవరైనా సరే.

గుంటూరు నుంచి:
మా ఉప్పలపాడు చూసిన వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? గుంటూరు పక్కనే పల్లెటూరు. ఊరి చెరువు, మధ్యలో చెట్లు. ఆ చెట్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. చుట్టూ ఇళ్లు, బడి పిల్లలు, ట్రాక్టర్లు. అయినా వస్తాయి, ఎందుకంటే ఊళ్లో వాటిని ఎవరూ ఏమీ అనరు. శ్రీకాకుళంలో తేలినీలాపురం కూడా అంతే. మనిషి పక్కనుంటే పిట్ట రాదనడం కరెక్ట్ కాదన్నా. మనిషి ఎలా ఉంటాడన్నదే లెక్క.

లకుముకి:
ఉప్పలపాడు రెండుసార్లు వెళ్లాను. మీరన్నది నిజం. కానీ అక్కడ గూళ్లు నీళ్ల మధ్య చెట్ల మీద ఉన్నాయి, చుట్టూ నీళ్లే కోట. మా చెరువు మధ్యలో ఒక్క చెట్టు కూడా లేదు. ఇక్కడ పిట్టలన్నీ అంచును నమ్ముకుని బతుకుతున్నాయి. తీతువయితే చెట్టు కూడా ఎక్కదు. నేల మీద గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టి, మనం దగ్గరకెళ్తే నెత్తి మీద అరుస్తూ తిరుగుతుంది. పడమటి ఒడ్డున ఇప్పుడు ఒక గూడు ఉంది. గూడంటే గూడేమీ కాదు, అరచేయంత గుంట. గుడ్లు మట్టి రంగు, నల్ల మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడి కూడా నాకు కనిపించలేదు, తల్లి లేచాకే తెలిసింది. రోలర్ నడిపేవాడికి ఎలా కనిపిస్తుంది?

పొద్దున్నడక గారి లారీల మాట మాత్రం నన్ను పట్టుకుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

వల:
మాది మత్స్య సంఘం. అందరూ చెరువు గురించి మాట్లాడుతున్నారు, చెరువు మీద బతికేటోళ్లను ఒక్కరూ అడగలేదు. మూడు ఒడ్లకు రాయి పరిచినప్పుడు మా పుట్టి దింపుకునే జాగా పోయింది. ఇప్పుడు రాళ్ల మీద జారుకుంటూ దిగుతున్నాం. కొర్రమీను ఎక్కడ గుడ్లు పెడతదో తెలుసా? అంచున తుంగలో, లోతు లేని చోట. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి పైకి వస్తాయి, తల్లీ తండ్రీ కింద కావలి ఉంటాయి. ఆ గుంపు కనిపిస్తే మేం వల వెయ్యం. తుంగ తీసేస్తే ఆ చేప ఇంక బయట కొనుక్కోవాల్సిందే.

అట్లని మొత్తం వదిలెయ్యమని కూడా చెప్పను. డ్రైనేజీ నీళ్లు ఆపకపోతే గుర్రపు డెక్క పడమటి ఒడ్డునంతా కప్పేస్తది. అప్పుడు పిట్టా ఉండదు, చేపా ఉండదు, మీరు నడవనూ లేరు, వాసనకు.

సర్జాపురం రోడ్డు:
బెంగళూరులో కైకొండ్రహళ్లి చెరువు పక్కన ఉంటాం, రోజూ నడుస్తాం. దాన్ని బాగు చేయించడంలో చుట్టుపక్కల జనమే ముందున్నారు. నడక దారి ఉంది, నీళ్ల మధ్య లంక ఉంది, జమ్ము కూడా ఉంది. నాకు అర్థమైంది ఏంటంటే, ఆ దారి సిమెంట్‌ది కాదు, మట్టిది. వాన పడ్డ మర్నాడు బురదే, షూ పాడవుతుంది. అయినా మోకాళ్లకు అదే మంచిది. పొద్దున్నడక మేడమ్, మీకు కావాల్సింది ట్రాకా, భద్రతా? రెండూ ఒకటే అనుకోకండి.

పొద్దున్నడక:
భద్రతే. అందుకే లైట్లు కావాలంటున్నాను. లకుముకి గారు దానికీ ఒప్పుకోరని తెలుసు.

లకుముకి:
కట్ట మీద పెట్టండి, కాదనను. స్తంభం నడుము ఎత్తుకు మించకుండా, వెలుతురు దారి మీదే పడేలా. దుర్గం చెరువు దగ్గర 2020లో కేబుల్ బ్రిడ్జి తెరిచాక రాత్రిపూట రంగుల వెలుగు నీళ్లంతా పరుచుకుంటుంది. జనానికి నచ్చింది, ఫోటోలకు బాగుంది. మా చెరువుకు మాత్రం అది వద్దు. రాత్రి చీకటి పడకపోతే పిట్టకు నిద్ర ఉండదు. పడమటి వైపు ఒక్క లైటు కూడా వద్దు, ఈ ఒక్కదాంట్లో నేను తగ్గను.

అలుగు:
లారీల సంగతికి ట్రాక్ అక్కర్లేదు. బఫర్ బయటి అంచున కందకం తీసి, తీసిన మట్టి బయటివైపు పోస్తే లారీ దిగలేదు. వాగు వచ్చే చోట కందకం ఆపాలి, అక్కడ గట్టి రాతి స్తంభాలు నాలుగు పాతితే చాలు. నక్షాలో ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో ముందు సర్వే రాళ్లు వేయించండి. సంతకాలు ఎలాగూ తీసుకుంటున్నారు కదా, ఆ కాగితం మీద ఈ రెండూ రాయండి.

పొద్దున్నడక:
నేను ఇవాళ పొద్దున పడమటి ఒడ్డుకు వెళ్లాను. ఇన్నేళ్లలో మొదటిసారి. తీతువు చాలా దూరం నుంచే గోల మొదలుపెట్టింది, భయమేసి ఆగిపోయాను. అక్కడే నిలబడి ఫోన్‌లో జూమ్ చేసి వెతికాను. నాలుగు కాదు, మూడే ఉన్నాయి గుడ్లు. పక్కన లారీ టైరు అచ్చు, గుంటకు జానెడు దూరంలో.

కందకం, సర్వే రాళ్లు రెండూ కాగితంలో రాశాను. పడమటి ట్రాక్ మాట కొట్టేయలేదు, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఇప్పటికే సంతకం చేసిన వాళ్లందరినీ మళ్లీ అడగాలి. ఆదివారం ఆరింటికి కట్ట మీద తూము దగ్గర కలుద్దాం. వల గారూ, మీ సంఘం నుంచి కూడా ఒకరు రండి. లకుముకి గారూ, బైనాక్యులర్ తెండి, మా కోడలు గిజిగాడి గూళ్లు చూస్తానంటోంది.