ఆస్పిరిన్ రక్తాన్ని పలచన చేస్తుందా?

పెద్దకొడుకు: నాన్నకి 71. గుండె జబ్బు లేదు, స్టెంటూ లేదు. రక్తం పలచగా ఉండాలని పదేళ్లుగా రాత్రి భోంచేశాక ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నారు. వచ్చే వారం పన్ను తీయించాలి. మాత్ర ఆపాలా? టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్‌మనిషి: ముందు ఆ మాట మార్చండి. రక్తం పలచబడదు. గాయం దగ్గర గుమికూడి రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్ కణం లోపల కాక్స్-1 అనే ఎంజైమ్ ఉంటుంది, ఆస్పిరిన్ దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. దాంతో కబురు మోసే థ్రాంబాక్సేన్ అనే రసాయనం తయారవదు, పక్క ప్లేట్‌లెట్లకి కబురు అందదు.

కృష్ణాతీరం: ప్లేట్‌లెట్ పైనుండే ప్రోటీన్‌ని మూసేస్తుందనే నేను విన్నాను.

ల్యాబ్‌మనిషి: కాదండీ. పైనుండే ప్రోటీన్ పేరు 2బీ/3ఏ. రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని ప్లేట్‌లెట్లని ఒకదానికొకటి అతికించేది అదే. దాన్ని నేరుగా మూసేవి టిరోఫిబాన్ లాంటి ఇంజెక్షన్లు. ఆస్పిరిన్ వల్ల కబురు తగ్గి ఆ 2బీ/3ఏ సరిగ్గా తెరుచుకోదు, అంతే. రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ అనే ఎంజైమ్ గట్టిగా తడితే అప్పుడూ తెరుచుకుంటుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే 7-10 రోజులూ అలాగే ఉంటుంది.

నిద్రరానివాడు: మరి పన్ను సంగతి?

కృష్ణాతీరం: పైనో లోపలో, మా బాబాయికి ఏం ఒరిగింది? స్టెంట్ వేసిన ఐదో నెలలో పన్ను తీసేచోట "వారం ఆపి రండి" అన్నారు. ఆరో రోజు తెల్లవారుజామున ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాడు. ప్రాణం దక్కింది గానీ ఇప్పుడు పది మెట్లు ఎక్కలేడు. "పలచబడదు" అని మీరు రాస్తే, అయితే ఎందుకులే అని ఇంకెవరో ఆపేస్తారు!

ఓరుగల్లు ఆడపడుచు: మా అమ్మ పక్కింటావిడని చూసి మొదలుపెట్టింది. కడుపులో రక్తం కారి తారులా నల్లటి విరేచనాలు. ఆస్పత్రికి చేరేసరికి హిమోగ్లోబిన్ 6. ఆమెకి గుండె జబ్బే లేదు. వేసుకోమని ఊరంతా చెప్పకండి.

కృష్ణాతీరం: నేనెక్కడ చెప్పాను? ఆపొద్దన్నాను!

ల్యాబ్‌మనిషి: ఇద్దరూ వేరువేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపకూడదు, ఆ మాటకి నేనూ కట్టుబడతాను. జబ్బు లేని పెద్దవాళ్ల మీద ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మందితో ఆస్‌ప్రీ అనే ఆస్పిరిన్ పరిశోధన జరిగింది. 2018లో ఫలితాలొచ్చాయి. గుండెకి మేలు కనపడలేదు, రక్తస్రావం పెరిగింది. ఇక పన్నుకైతే మామూలుగా ఆపక్కర్లేదు. గాజుగుడ్డ కొరికిపట్టి ఉంచితే రక్తం ఆగుతుంది. డెంటిస్టుకి మాత్ర సంగతి ముందే చెప్పండి.

కృష్ణాతీరం: మీరు మొదట్నుంచీ "పలచన" అన్న మాట తప్పు అనే పట్టుకున్నారు. నా బాధ అది కాదు. "ఎందుకు వేసుకుంటున్నావయ్యా" అని ఆ రోజు బాబాయిని ఒక్కరూ అడగలేదు.

ఓరుగల్లు ఆడపడుచు: మా అమ్మనీ అడగలేదండీ. నేనూ అడగలేదు.

పెద్దకొడుకు: ఇప్పుడే నాన్నని అడిగాను. పాత చీటీలన్నీ తీశాం, ఏ డాక్టరూ రాయలేదు. మావయ్య గుండెపోటుతో పోయిన ఏడాది, ఆయన డబ్బాలో మిగిలిన మాత్రలతో తనే మొదలుపెట్టారట. రేపు ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.