పాత గుంటల (చిన్న చెరువుల) మ్యాపు ఎక్కడ దొరుకుతుంది? అర్జీ రాయడానికి సాయం కావాలి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొరమేనుగుంట వైపు. పేరులోనే గుంట ఉంది. 2021 నవంబరు వానలకు శేషాచలం కొండల నీళ్లు ఊరి మీద పడ్డప్పుడు మా ఇంట్లో మోకాళ్ల లోతు నిలిచాయి. బియ్యం డ్రమ్ము తేలుకుంటూ వాకిలి దాకా వచ్చింది.

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. ఆ సాయంత్రం మైకు ఆటో హెచ్చరిక తెలుగులోనే చెప్పుకుంటూ పోయింది. పక్క పోర్షన్‌లో హోటల్లో పనిచేసే ఒడిశా పిల్లలు ఆరుగురు ఉండేవాళ్లు, వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నీళ్లు మంచం కోళ్లు తాకాక మా ఆయన తలుపు బాది వాళ్లను మిద్దె మీదికి తీసుకొచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ఎదురింట్లో తమిళం, వెనక వీధిలో హిందీ. కొండకొచ్చే భక్తులు సరేసరి.

వీధివాళ్లమంతా కలిసి కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలనుకుంటున్నాం. పాత గుంటలు, వాటి కాలువలు ఎక్కడెక్కడ ఉండేవో చూపే గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (భూముల సర్వే కొలతల పుస్తకం) నకలు తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఇస్తారా, సమాచార హక్కు కింద దరఖాస్తు చేయాలా? పూడిపోయిన కాలువను తిరిగి తవ్వించుకున్న వీధి ఏదైనా ఉందా? హెచ్చరికలు నాలుగు భాషల్లో ఇవ్వమని అడిగితే ఎవరికి రాయాలి, తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) కూడా ఒక కాపీ పెట్టాలా?

ఆదివారం అందరం కూర్చుంటున్నాం. అంతలోపు తెలిసినవాళ్లు చెప్పండి, మీరు రాసిన అర్జీ నమూనా ఉంటే పంపండి.