క్రిస్మస్ పానెత్తోనే: అందరికీ గ్లూటెన్ లేనిదే పెడదామా, రెండు రకాలు చేద్దామా?

మిలన్_సుధ:
ఈసారి క్రిస్మస్ భోజనాలు మా ఇంట్లోనే. మిలన్, మోంజా, బెర్గమో వైపు ఉన్న తెలుగువాళ్ళం ఏటా కలుస్తాం కదా, ఈసారి పాదోవా నుంచి కూడా వస్తామన్నారు. మా బాబుకి సీలియాక్ (గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని మీలో చాలామందికి తెలుసు. అందుకని పానెత్తోనే, అదే ఈ ఇటలీ క్రిస్మస్ తీపి రొట్టె, ఒక్కటే రకం చేసి, గ్లూటెన్ లేనిదే, పిల్లా పెద్దా అందరికీ అదే పెడదామనుకుంటున్నా. రెడీ మిక్స్ కొంటే అందులో గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ ఉంటోంది, అది బాగా పొంగుతుంది. లేదంటే బియ్యప్పిండి, మొక్కజొన్న స్టార్చ్, ఇసబ్గోల్ కలిపి మనమే చేసుకోవాలి. చేసినవాళ్ళుంటే ఏది మంచిదో చెప్పండి.

రాత్రిపిండి:
సుధక్కా, నువ్వు అడిగింది ఇది కాదు కానీ చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసేది పేస్ట్రీ తయారీలో, అదీ రాత్రి షిఫ్టు. అక్టోబరు నుంచి జనవరి దాకా మాకు పానెత్తోనే తప్ప వేరే లోకం ఉండదు. పులిపిండిని పగలంతా మూడుసార్లు మేపుతాం (కొత్త పిండి, నీళ్ళు కలుపుతాం), సాయంత్రం మొదటి ముద్ద కలిపి పన్నెండు గంటలు వదిలేస్తే మూడింతలవుతుంది, పొద్దున దానికి మళ్ళీ పిండి, సొనలు, వెన్న, కిస్‌మిస్, నారింజ తొక్కల మురబ్బా చేర్చి రెండో ముద్ద కలుపుతాం. ఇంత వెన్ననీ ఇన్ని సొనలనీ పట్టి ఉంచేది గ్లూటెన్ అల్లే వల. అది లేకపోతే పళ్ళు అడుక్కి దిగిపోతాయి, పైన గుమ్మటం కూలిపోతుంది. ఓవెన్‌లోంచి తీశాక అడుగున పుల్లలు గుచ్చి రాత్రంతా తలకిందులుగా వేలాడదీస్తాం, ఎందుకో తెలుసా, వేడి మీద దాని బరువు అదే మొయ్యలేదు కాబట్టి. చల్లారాక చేత్తో చీలిస్తే దారాలు దారాలుగా రావాలి. ఇసబ్గోల్‌తో ఆ దారాలు రావు. బాబు కోసం చెయ్యి, కాదనను. కానీ వచ్చినవాళ్ళందరి చేతా అదే తినిపించడం ఎందుకు?

పొ_నది_పక్కన:
ఇసబ్గోలా 😂 మా అమ్మ చూస్తే మలబద్ధకం మందు కేకులో వేశారా అంటుంది.

మిలన్_సుధ:
తమ్ముడూ నవ్వకు, ఇసబ్గోల్ లాంటి జిగురు లేకుండా గ్లూటెన్ లేని రొట్టె నిలబడదు. నీళ్ళలో వేస్తే కొద్ది నిమిషాల్లోనే జిగురైపోతుంది, గాలిని పట్టి ఉంచేది ఆ జిగురే. పైగా గుజరాత్, రాజస్థాన్‌లలో పండేదే ఇక్కడ ఖరీదైన ప్యాకెట్లలో అమ్ముతున్నారు. పిండి మాత్రం చేత్తో పిసికేది కాదు, పెసరట్టు పిండి కంటే గట్టిగా గారెల పిండి కంటే జారుగా ఉంటుంది, గరిటెతో కాగితం అచ్చులో వేసి చేయి తడిచేసుకుని పైన సర్దాలి. ఒక్కసారి పొంగితే చాలు. దారాలు రావన్నది నిజమే. అయితే ఏం?

గోధుమవద్దు:
సుధ గారూ, స్టార్చ్ ఉన్న మిక్స్ వాడొద్దు. గోధుమ గోధుమే. కడిగినా, గ్లూటెన్ తీసినా, అది వచ్చింది గోధుమలోంచే.

లెక్కలమాస్టారు:
అలా తేల్చేస్తే ఎలాగండీ. యూరప్ నియమం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములకు మించకపోతేనే గ్లూటెన్ లేనిదని రాసుకోనిస్తారు. ఆ మిక్సులు ఆ లెక్కకు లోబడే వస్తాయి. అడ్డగీత ఉన్న కంకి గుర్తు కూడా చూసుకోవచ్చు. ఇటలీలో సీలియాక్ ఉన్నవాళ్ళు చాలామంది ఆ స్టార్చ్‌తో చేసిన రొట్టెలు తింటున్నారు. ఇంకో సంగతి, రాత్రిపిండి గారి వైపు కూడా చట్టం ఉంది. 2005 జులై 22 నాటి మంత్రిత్వ ఆదేశం పానెత్తోనే అంటే గోధుమపిండి, సహజ పులిపిండి, కనీసం 16 శాతం వెన్న, కనీసం 20 శాతం కిస్‌మిస్, మురబ్బా తొక్కలు అని కొలతలు పెట్టింది. సరదా ఏమిటంటే సీలియాక్‌ను సామాజిక వ్యాధిగా గుర్తించిన 123వ నంబరు చట్టం కూడా అదే నెల 4న వచ్చింది. ఒకే నెలలో ఇద్దరికీ న్యాయం చేశారు.

రాత్రిపిండి:
చూశారా, గోధుమపిండి అని చట్టమే చెప్తోంది.

మిలన్_సుధ:
మా ఇంట్లో చేసుకునే దానికి మంత్రిత్వ శాఖ ఎందుకన్నా? నేను అమ్ముతున్నానా? సంప్రదాయం అంటావు, నువ్వు చేసే ఆ పొడుగాటి ఆకారం మోత్తా కంపెనీ తెచ్చింది. ఆ మోత్తా అనే ఆయన కొట్టు పెట్టిందే 1919లో. అంతకు ముందు మిలన్‌లో పానెత్తోనే పొట్టిగా ఉండేది. ఫ్యాక్టరీ మారిస్తే సంప్రదాయం, నేను మారిస్తే తప్పా?

రాత్రిపిండి:
ఎత్తు మార్చారు, పిండి మార్చలేదు. తేడా ఉంది.

గోధుమవద్దు:
20 మిల్లీగ్రాములంటే సున్నా కాదు కదా. మాస్టారు గారు దానికి జవాబు చెప్పలేదు.

స్తెల్లా_బెర్గమో:
చర్చి సంగతి చూడండి. పూజలో పంచే అప్పం పూర్తిగా గ్లూటెన్ లేనిదైతే చెల్లదని 2017లో వాటికన్ మళ్ళీ ఉత్తరం రాసింది, తక్కువ గ్లూటెన్ ఉన్నదైతే చెల్లుతుందంది. కొన్నిటికి గోధుమ ఉండాల్సిందే.

మిలన్_సుధ:
స్తెల్లా గారూ, అది పూజ, ఇది భోజనం. మావాడికి కడుపునొప్పి వస్తే ఫాదర్ గారు రారు కదా.

భోజనప్రియ:
ఇదంతా కాదు, క్రిస్మస్‌కి మన అరిసెలు చేసుకుందాం. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. ఏ గొడవా లేదు.

రాత్రిపిండి:
అరిసెలు చెయ్యండి, నేను వద్దన్నానా. ఇటలీలో ఉండి క్రిస్మస్ బల్ల మీద అసలైన పానెత్తోనే లేకపోతే ఏం బాగుంటుంది? ఒక్క పిల్లాడి కోసం ఇంతమంది నోరు కట్టుకోవాలా? పక్కన వాడికి విడిగా చేసి పెడితే సరిపోయేదానికి.

మిలన్_సుధ:
ఆ మాట అంటావనే నాకు తెలుసు. విడిగా పెట్టడమంటే ఏంటో నీకు తెలీదు. కిందటేడు ఒకరింట్లో విడిగానే పెట్టారు. పానెత్తోనే కోసిన కత్తితోనే వాడి రొట్టె కోశారు, అడిగితే "తుడిచాం కదా" అన్నారు. ఆ రాత్రంతా వాడు కడుపు పట్టుకుని బాత్రూంలో కూర్చున్నాడు. స్కూల్లో పుట్టినరోజులకి వాడి డబ్బా వాడిదే, పెళ్ళిళ్ళకి వాడి డబ్బా వాడిదే. మన ఇంట్లో, మన బల్ల మీద కూడా వాడు అందరూ తినేది చూస్తూ కూర్చోవాలా? ప్రభుత్వం నెలనెలా ఆహారానికి వోచర్లు ఇస్తోంది, మందుల షాపువాడు కూడా జాగ్రత్తగా విడి అర చూపిస్తాడు, మనవాళ్ళకే "చిటికెడు పడితే ఏమవుతుంది" అనిపిస్తుంది.

ఆవపెట్టిన_అత్త:
ఒక సందేహం. ఎవరూ కోప్పడకండి. కిందటేడు ఆ బల్ల మీదే పులిహోర కూడా ఉంది కదా, బాబు తిన్నాడు కూడా. అందులో ఇంగువ వేశారా? ఇండియా నుంచి తెచ్చుకునే డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

భోజనప్రియ:
పులిహోర తెచ్చింది నేనే. ఇప్పుడు నా మీద పడ్డారేంటి? ఇంగువ లేకుండా పులిహోర ఎవరైనా చేస్తారా?

ఆవపెట్టిన_అత్త:
నిన్నేమీ అనలేదురా అబ్బాయ్. కత్తి ఒక్కటే కారణం కాకపోవచ్చంటున్నా. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది, కొనేటప్పుడు చూసుకో. సాంబారు పొడి, పచ్చళ్ళు, అన్నిటికీ ఇదే మాట. పానెత్తోనే ఒక్కదాని మీద ఇంత యుద్ధం చేస్తే మిగతా బల్ల సంగతేంటి?

గోధుమవద్దు:
మళ్ళీ చెప్తున్నా, స్టార్చ్ వద్దు. అందరూ ఇంగువ గురించి మాట్లాడుతున్నారు, నేను అడిగింది వదిలేశారు.

లెక్కలమాస్టారు:
ఒక్క ప్రశ్న అడుగుతా అమ్మా. మీ ఇంట్లో ఉన్నది సీలియాక్ సమస్యా, గోధుమ అలర్జీయా? సీలియాక్‌కు సమస్య గ్లూటెన్‌తో. అలర్జీ అయితే గోధుమలో ఉండే మిగతా ప్రొటీన్లతో కూడా రావచ్చు, దానికి ఈ 20 మిల్లీగ్రాముల లెక్క పనికిరాదు. అందుకే ఆ మిక్సుల పెట్టె మీద గోధుమ అని స్పష్టంగా రాస్తారు.

గోధుమవద్దు:
మా పాపకి అలర్జీ. పెదాలు వాస్తాయి, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. పాదోవా నుంచి వచ్చేది మేమే. మొదటి పోస్టు నుంచీ "అందరికీ ఒకటే" అంటున్నారు, ఆ అందరిలో ఎవరెవరున్నారని ఒక్కరూ అడగలేదు.

మిలన్_సుధ:
అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ.

గోధుమవద్దు:
గోధుమ వద్దని చెప్తూనే ఉన్నా. పేరే అది పెట్టుకున్నా.

రాత్రిపిండి:
సరే, నేను కూడా ఒకటి చెప్తా, ఆ తర్వాత మీ ఇష్టం. కిందటేడు రాత్రంతా పనిచేసి, నిద్రపోకుండా, నా చేత్తో చేసిన పానెత్తోనే పట్టుకుని రెండు రైళ్ళు మారి వచ్చా. గుమ్మంలోనే తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టారు, మైలపడ్డట్టు. పైన ఒక పళ్ళెం బోర్లించారు. సాయంత్రం నేనే తీసుకుని వెళ్ళిపోయా. దేశం కాని దేశంలో నేను నేర్చుకున్న పని అదొక్కటే, నేను తేగలిగింది కూడా అదొక్కటే. "ఇది మాకు పడదు" అంటే ఒప్పుకుంటా. "ఇది ఇక్కడ ఉండకూడదు" అంటే నన్ను రావద్దన్నట్టే ఉంటుంది.

మిలన్_సుధ:
నిన్ను రావద్దని ఎవరన్నారన్నా. బాల్కనీలో పెట్టింది నేను కాదు. కానీ నేనైనా అదే చేసేదాన్ని, అదీ నిజమే. పిండి దుమ్ము గాల్లో ఎంతసేపు ఉంటుందో నీకే బాగా తెలుసు, మీ దగ్గర గ్లూటెన్ లేనిది విడిగదిలో చేస్తారని నువ్వే చెప్పావు ఒకసారి.

రాత్రిపిండి:
చెప్పా. అందుకే మీ కోసం మా ఇంట్లో చేసి తేలేను. నా బట్టలకే పిండి ఉంటుంది.

పొ_నది_పక్కన:
మరైతే అన్నా మీ ఇంటికొచ్చి చేస్తే? సుధక్క పిండి, సుధక్క గిన్నెలు, అన్న చేతులు. స్నానం చేసి రావాలి 😅

రాత్రిపిండి:
దారాలు రావని చెప్పాగా.

మిలన్_సుధ:
రాకపోతే పోనీ. పళ్ళు అడుక్కి దిగకుండా ఎలాగో నువ్వు చూడు, అది నాకు ఇప్పటిదాకా కుదర్లేదు.

రాత్రిపిండి:
ముక్కలు చిన్నగా తరగాలి, బియ్యప్పిండి కొంచెం చల్లి కలపాలి, అన్నీ చివర్లోనే వెయ్యాలి. లోపల 94 డిగ్రీలు వచ్చాకే తియ్యాలి. వేలాడదీస్తే జారుతుందేమో, ఒకటి వేలాడదీసి ఒకటి పక్కకి పడుకోబెట్టి చూద్దాం. 23న నాకు సెలవు. నేను చేసే గోధుమది మాత్రం ఫిబ్రవరి 3న మా ఇంట్లో, సాన్ బ్యాజో అనే పునీతుడి పండగ రోజున మిలన్‌వాళ్ళు మిగిలిన పానెత్తోనే తింటారు కదా, తినగలిగినవాళ్ళు అప్పుడు రండి. క్రిస్మస్ రోజున తేను. అది ఒప్పుకున్నందుకు నాకేం సంతోషంగా లేదు.

స్తెల్లా_బెర్గమో:
మరి నేను తెచ్చే రోజ్ కుకీలు? మైదా.

ఆవపెట్టిన_అత్త:
బియ్యప్పిండితో చెయ్యమ్మా, మనవైపు చాలామంది చేస్తారు. నూనె మాత్రం కొత్తది పొయ్యి.

గోధుమవద్దు:
మిక్స్ కొంటున్నారా, విడి పిండ్లా? ఇంకా ఎవరూ తేల్చలేదు. పెట్టె వెనక్కి తిప్పి ఫొటో పెట్టండి, చూశాకే టికెట్లు తీసుకుంటా.