పాట ‘పట్టుకుంటే’ అది చెవిలో ఉన్నట్టా, నోట్లో ఉన్నట్టా?

బీచ్‌రోడ్డు నడక

అందరికీ నమస్కారం, ఒక పదం కోసం వచ్చాను, పోస్టు కాస్త పొడుగు, తిట్టుకోకండి.

మొన్న ఎంవీపీ కాలనీలో మా వెనక వీధిలో పెళ్లి. మైకు సెట్టు అబ్బాయి పొద్దున ఆరింటికి మొదలెట్టి ఒకే పాట, ఏ పాటో చెప్పను, చెప్తే మీకూ పట్టుకుంటుంది, ఓ పదిసార్లు వేసుంటాడు. పెళ్లయిపోయింది, షామియానా పీకేశారు, ఇవాళ నాలుగో రోజు, నాకింకా ఆగలేదు. పాటంతా అయినా బాగుండు, చరణం మొదటి లైన్లో సగందాకా వచ్చి మళ్లీ వెనక్కి, మళ్లీ సగందాకా, మళ్లీ వెనక్కి. నిన్న మద్దిలపాలెంలో బస్సు దిగుతూ పైకే పాడేశానట, కండక్టరు నవ్వుతుంటే తెలిసింది.

ఇంగ్లీషులో దీన్ని ఇయర్‌వార్మ్ అంటారు. అది జర్మన్ ‘ఓర్‌వుర్మ్’ నుంచి వచ్చింది, ఆ మాట నిజానికి ఓ పురుగు పేరు కూడా, వెనకాల పటకారులాగా తోక ఉంటుందే అది, నిద్దట్లో చెవిలో దూరుతుందని అక్కడివాళ్ల భయం. మరి మనమేమంటాం? ‘చెవిపురుగు’ అని ఒకచోట చదివాను, నాకైతే వినగానే చెవిలో గోరువెచ్చటి నూనె పోసుకోవాలనిపించింది. పాతమాట ఏదైనా ఉందా, లేకపోతే మనమే ఒకటి కట్టాలా?

కంచరపాలెం కుర్రాడు

చెవిలో జోరీగ. అయిపోయింది, పోస్టు క్లోజ్ చెయ్యండి అన్నా.

తెలుగు మాస్టారు (రిటైర్డ్)

అంత తొందరెందుకు నాయనా. వేమన చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు, కాలిముల్లు అని వరస పెట్టి చివర ఇంటిలోని పోరు అన్నాడు. ఆ వరసలో ఉన్నవన్నీ బయటినుంచి వచ్చి బాధపెట్టేవే. జోరీగ అంటే పశువుల చుట్టూ ముసిరే పెద్ద ఈగ, అది చెవి దగ్గర రొద పెడితే ఆ రొద నిజంగా గాల్లో ఉంటుంది, పక్కవాడికీ వినపడుతుంది. అందుకే ఆ మాట సతాయించే మనిషికి సరిపోయింది, ‘చెవిలో జోరీగలా తయారయ్యాడు’ అంటాం. నీ పాట పక్కవాడికి వినపడుతోందా? లేదు, కండక్టరుకి వినపడిందంటే నువ్వు పాడావు గనక.

చెవిపురుగు గురించి ఒక్క ముక్క. అమరకోశంలో జెర్రికి ‘కర్ణజలౌక’ అని పేరుంది, చెవి జలగ అన్నమాట. అంటే చెవిలో దూరే పురుగు భయం జర్మన్లకే కాదు, మనకీ ఉంది, పేరు కూడా పెట్టుకున్నాం. కానీ పాటకి మాత్రం ఎవరూ ఆ పేరు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదా అని ఆలోచిస్తున్నాను.

పెదవాల్తేరు పిన్ని

మాస్టారూ, మా ఇంట్లో అయితే దీనికి ఎప్పుడూ ఒకటే మాట, ‘పొద్దున్నించీ ఆ పాటే నోట్లో నానుతోంది’. చెవి ఊసే లేదు. మా అమ్మమ్మది భీమిలి, ఆవిడ ముందు ఇలా కూనిరాగం తీస్తూ తిరిగితే ‘ఆపవేటే గుంటా, నోట్లో ఓ వక్కపలుకు పడేసుకో, పోద్ది’ అనేది. నిజంగానే పోయేది కూడానండీ. వక్క మహిమ అనుకునేదాన్ని.

బీచ్‌రోడ్డు నడక

పిన్నిగారూ, ‘నోళ్లలో నానడం’ అంటే జనంలో బాగా ప్రచారం అవ్వడం కదా? ‘ఆ డైలాగు జనం నోళ్లలో నానుతోంది’ అని పేపర్లో రాస్తుంటారు. ఒక్కమనిషికి కూడా వాడతారా?

పెదవాల్తేరు పిన్ని

వాడతాం బాబూ. పేపరు వాళ్లు కూడా ఇళ్లలోంచే తీసుకుని ఉంటారు.

చెవిముక్కుగొంతు

నేను ఈ గ్రూపులో చదవడమే గానీ రాయను, పొద్దున్నించి సాయంత్రందాకా జనం చెవుల్లోకి తొంగిచూడటమే నా పని, ఇంటికొచ్చాక కూడా చెవులేనా అని. కానీ పిన్నిగారి అమ్మమ్మ మాట చూశాక ఆగలేకపోయాను.

పాట బయటినుంచి వచ్చేటప్పుడు దారి మీకు స్కూల్లో చెప్పిందే, కర్ణభేరి, ఆ వెనక మూడు బుల్లి ఎముకలు, మన పుస్తకాల్లో కూటకం, దాగలి, అంకవన్నె అని ఎంత చక్కటి పేర్లు, తర్వాత నత్తగుల్లలాంటి కర్ణావర్తం, అక్కణ్ణుంచి నరం ద్వారా మెదడుకి. తిరిగే పాటకి ఈ దారి అక్కర్లేదు. 2005లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు మనుషుల్ని స్కానర్లో పడుకోబెట్టి పాటలు వినిపిస్తూ మధ్యమధ్యలో కొన్ని సెకన్లు సౌండు కట్ చేశారు. తెలిసిన పాటైతే ఆ ఖాళీలో కూడా మెదడులో వినికిడి భాగం పని చేస్తూనే ఉంది, విన్నవాళ్లేమో పాట ఆగినట్టే అనిపించలేదన్నారు. చెవికి ఏమీ అందట్లేదు, మెదడు మాత్రం పాడుకుంటూ పోతోంది. కాబట్టి చెవిలో పురుగూ లేదు, జోరీగా లేదు, ఈ విషయంలో మాస్టారిదే కరెక్టు.

ఇక నోరు. 1999లో ఆండ్రియా హాల్పర్న్, రాబర్ట్ జటోర్ అని ఇద్దరు, తెలిసిన పాటని మనసులోనే కొనసాగించమని చెప్పి మెదడు స్కాన్ తీశారు. వినికిడి భాగంతో పాటు సప్లిమెంటరీ మోటార్ ఏరియా కూడా వెలిగింది. అది కదలికల్ని ముందే సిద్ధం చేసే చోటు. పెదవి కదలట్లేదు, శబ్దం లేదు, అయినా పాడటానికి సరంజామా అంతా సిద్ధమవుతోంది లోపల. అంతకంటే ముందు 1974లో జ్ఞాపకశక్తి మీద బ్యాడ్లీ, హిచ్ అనేవాళ్లు మొదలెట్టిన ఆలోచన ఇంకోటుంది. ఫోన్ నంబరు ఎవరన్నా చెప్తే రాసుకునేదాకా లోలోపల అనుకుంటూ ఉంటాం చూశారా, ఆ చుట్టు పట్టేది మహా అయితే రెండు సెకన్ల మాట, తిప్పుతూ ఉంటేనే నిలబడుతుంది. తిప్పేది మాట్లాడే యంత్రాంగమే. అందుకే ఆ సమయంలో నోటికి వేరే పని ఇచ్చి ఏదో ఒక మాట అదేపనిగా అనమంటే నంబరు జారిపోతుంది.

ఇప్పుడు అమ్మమ్మగారి వక్క. 2015లో ఇంగ్లండులో రెడింగ్ యూనివర్సిటీ వాళ్లు మనుషులకి బాగా పట్టుకునే పాటలు వినిపించి, ఇక దాన్ని తలుచుకోవద్దని చెప్పి, కొందరికి చూయింగ్ గమ్ ఇచ్చారు. నమిలినవాళ్లకి పాట తక్కువసార్లు తిరిగింది. ఊరికే ఏదో ఒక పని చేస్తే చాలేమో అని వేలితో టేబుల్ మీద కొట్టించి కూడా చూశారు, దానికంటే నమలడమే బాగా పనిచేసింది. దవడా నాలుకా వేరే పనిలో పడితే లోపల పాడేవాడికి గొంతు దొరకదన్నమాట. భీమిలి అమ్మమ్మగారికి స్కానరూ లేదు, గమ్మూ లేదు.

ఒక్కటి మాత్రం, దయచేసి వక్క వద్దు. వక్కే సొంతంగా నోటి కేన్సర్‌కి కారణమని తేలింది, పొగాకు కలపకపోయినా సరే. సోంపు వేసుకోండి.

తెలుగు మాస్టారు (రిటైర్డ్)

డాక్టరుగారూ, మీరు రాసింది చదివి కుర్చీలోంచి లేచాను, అబద్ధం కాదు. మన భాష చూడండి. ఎక్కాలు వచ్చాయా అని అడగం, ‘నోటికొచ్చాయా’ అంటాం. పద్యం ‘కంఠతా’ పడతాం. ‘కంఠస్థం’ అంటే గొంతులో ఉన్నదని అర్థం. ఇంగ్లీషువాడు గుండెతో నేర్చుకుంటాడు, మనం గొంతుతో. గుర్తు పెట్టుకోవడమంటేనే మనకి నోటి పని. అలాంటప్పుడు వదలకుండా తిరిగే పాటకి చోటు చెవి ఎలా అవుతుంది, నోరే అవుతుంది. ఇందాక ఎందుకు పెట్టలేదా అన్నాను కదా, ఇదే కావచ్చు.

ఇంకో తమాషా. గుట్టు దాచుకోలేనివాణ్ణి ‘నోట్లో నువ్వుగింజ నానదు’ అంటాం. నువ్వుగింజ నానేపాటి సేపు కూడా నోరు మూసుకుని ఉండలేడని. రహస్యం ఆగితే నానేది, ఆగదు కాబట్టి నానదు. పాట బయటికి పోదు, లోపలే ఉంటుంది, అందుకని నానుతుంది. రాత్రి పోసిన మినప్పప్పు పొద్దుటికి రెట్టింపైనట్టు నానేకొద్దీ ఉబ్బుతుంది కూడా.

కంచరపాలెం కుర్రాడు

మాస్టారూ జోరీగ వెనక్కి తీసుకుంటున్నా 🙏

గాజువాక మావయ్య

అయ్యా, నేను ప్లాంటులో ముప్పై ఏళ్లు మిల్లు దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మీరంతా పాట నానుతోందని సరదాగా రాసుకుంటన్నారు, నాకు పాట కాదు, కుడి చెవిలో ఎప్పుడూ ఒక హోరు. రాత్రి ఫ్యానాపితే ఇంకా ఎక్కువ. సోంపు నమిలినా పోదు, ఏం నమిలినా పోదు. దీన్నేటంటారు? ఇది చెవిదా, నోటిదా?

చెవిముక్కుగొంతు

మావయ్యగారూ, సరదాగా రాసినందుకు ఏమీ అనుకోకండి. మీది వేరే సంగతి, మీ మాటే సరైనది, హోరు. దాన్ని మేము టిన్నిటస్ అంటాం, లాటిన్‌లో గంట మోగడం అనే మాట నుంచి వచ్చింది. జనం నా దగ్గరికొచ్చి హోరు, గుయ్‌మనడం, ఈల, జుయ్య్ అని రకరకాలుగా చెప్తారు, ఎవరు ఏ మాట వాడారో దాన్నిబట్టే సగం విషయం నాకు అర్థమవుతుంది.

పెద్ద మోతల దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తే కర్ణావర్తంలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు పోతాయి, పోయినవి మళ్లీ మొలవవు. ముందు పోయేవి సన్నటి కీచు శబ్దాలు పట్టేవి. అక్కణ్ణుంచి కబురు రావడం తగ్గేసరికి మెదడు, సిగ్నల్ అందని రేడియోకి మనం వాల్యూమ్ పెంచినట్టు, పెంచేస్తుందని ఇప్పుడు ఎక్కువమంది నమ్మే వివరణ. ఆ పెంచినప్పటి గరగరే హోరు. అంటే మొదలైంది చెవిలో, మోగుతోంది మెదడులో, నోటికి సంబంధం లేదు. 1953లో చెవులు బాగానే ఉన్న 80 మందిని సౌండు రాని గదిలో కాసేపు కూర్చోబెడితే నూటికి 94 మంది ఏదో ఒక మోత వినపడిందన్నారు. లోపలి మోత అందరికీ కొంత ఉంటుంది, బయటి చప్పుడు కప్పేస్తుందంతే, మీకు ఫ్యాను ఉంటే తగ్గేదీ అందుకే. ఒక చెవిలోనే అంటున్నారు కాబట్టి మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి, కేజీహెచ్ పెద్దాసుపత్రిలో అయినా సరే, మీకు దగ్గర్లో ఎక్కడైనా సరే.

మనుషులు మాట్లాడేది వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు, అలా ఉందా మీకు?

గాజువాక మావయ్య

అచ్చంగా అదే. మనవరాలు మాట్లాడితే ఏదో అంటోందని తెలుస్తాది, ఏటందో తెలీదు. మా ఇంటిదైతే ‘కావాలని వినట్లేదు’ అంటాది.

చెవిముక్కుగొంతు

అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి, అవి మీకు అందుతున్నాయి. స, శ, ష లాంటివి పైన, ఆ సన్నటి కీచు శబ్దాల వైపు ఉంటాయి, అవే జారిపోతున్నాయి. చిన్నపిల్లల గొంతు మరీ సన్నం. ‘వినపడటం’ వేరు, ‘వినడం’ వేరు అని అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

తెలుగు మాస్టారు (రిటైర్డ్)

చూశారా, తెలుగు ఆ తేడా ఎంత తేలిగ్గా చెప్పేస్తుందో. ‘నాకు వినపడింది’లో నేను చేసిందేమీ లేదు, వచ్చి పడింది. ‘నేను విన్నాను’లో పని నాది. ‘ఆలకించాను’ అంటే ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకున్నానని. పాట నానడం ఈ మూడిట్లో ఎందులోనూ చేరదు, దానికి వేరే క్రియ ఉండటం సబబే.

కంచరపాలెం కుర్రాడు

హోరు అంటే గుర్తొచ్చింది, ఆర్కే బీచ్‌లో శంఖాలమ్మే ఆవిడ చెవి దగ్గర పెట్టి ‘సముద్రం వినపడతందా’ అనేది చిన్నప్పుడు. అది కూడా మెదడేనా డాక్టరుగారూ?

చెవిముక్కుగొంతు

కాదు తమ్ముడూ, అది నిజం శబ్దమే, సముద్రానిది మాత్రం కాదు. చుట్టూ ఉన్న చప్పుడులో కొన్ని స్థాయిల్ని ఆ గుల్ల పెంచి చూపిస్తుంది. బొత్తిగా చప్పుడు లేని గదిలో పెట్టుకుంటే దాదాపు ఏమీ వినపడదు. శంఖం అన్నావు కాబట్టి, చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడని సామెత ఉంది కదా. కర్ణభేరి, ఎముకలు చెడిపోయి లోపలి నరం బాగున్న చెవిటివాడైతే నిజంగానే ఆ శంఖాన్ని పళ్లతో పట్టుకోనివ్వాలి, పంటి ఎముక మీదుగా కపాలం గుండా శబ్దం సరాసరి లోపలికి పోతుంది, వినపడుతుంది. సామెతలో నవ్వింది పాపం వాణ్ణి.

పెదవాల్తేరు పిన్ని

నాదీ ఒక డౌటు. పాటే కాదు, స్టేషన్లో ‘దయచేసి వినండి’ అని వస్తుందే, మొన్న మా అబ్బాయి రైలు మూడు గంటలు లేటయితే ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుని కూర్చుని ఇంటికొచ్చాక అది కూడా నానింది. అది పాట కాదుగా?

చెవిముక్కుగొంతు

అది పాటైపోతుందండీ! డయానా డాయిచ్ అనే ఆవిడ 1995లో తన సొంత మాటల రికార్డింగు ఎడిట్ చేసుకుంటూ ఒక చిన్న ముక్కని తిప్పి తిప్పి వేస్తుంటే, కాసేపటికి ఆ మాటలే ఎవరో పాడుతున్నట్టు వినపడటం మొదలైందట. రికార్డింగులో ఏమీ మారలేదు, విన్న మెదడు మారింది. ఒకసారి అది పాటగా వినపడ్డాక మళ్లీ మాటగా వినడం కష్టం. మీ ‘దయచేసి వినండి’ది కూడా అదే వరస, పైగా ప్రతిసారీ ఒకే గొంతు, ఒకే ఎత్తుపల్లం.

బీచ్‌రోడ్డు నడక

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. రిపోర్టు ఇస్తున్నా. సోంపు నమిలినంతసేపూ పాట లేదు, నిజం. మింగిన ఐదు నిమిషాలకి వచ్చింది, ఈసారి పల్లవితో సహా. మొత్తం పాట ఒకసారి చివరిదాకా వినేస్తే పోతుందని ఇంకెవరో అంటే అదీ చేశాను, కొంచెం నయం.

పదం మటుకు దొరికినట్టే. పొద్దున టిఫిన్ దగ్గర మా ఆవిడతో ‘ఇంకా నోట్లోనే నానుతోందే’ అన్నాను. ‘ఏం, పుక్కిలించలేదా’ అంది.